చూరులో దొరికిన కోటు

మా రేకుల కప్పు వానకు కారదు, చలికి కారుతుంది. బయట ఆకాశంలో మబ్బు తునక ఉండదు, సరస్సు గడ్డకట్టి మెరుస్తుంటుంది, మా పడకగదిలో మాత్రం మంచం మీద టప్పు టప్పుమని చుక్కలు. మేకులు వదులయ్యాయేమోనని మా ఆయన డేల్ నిచ్చెనేసుకుని పైకెక్కి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు.

చిల్లుంటే కదా! అది వంటింటి పక్కన కట్టిన సౌనా, అదే ఆవిరిస్నానం గది, చేస్తున్న నిర్వాకం. మా మామయ్య ఊర్హో, అంటే డేల్ నాన్న, సరస్సు ఒడ్డున ఉన్న పాత సౌనాకి వెళ్లే దారిలో మంచు మీద జారిపడ్డాడు. మోకాళ్లు సహకరించడం లేదు. ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఈ ఫిన్నుల ఇళ్లలో శనివారం సౌనా లేకపోతే అది శనివారమే కాదు. అందుకని నేనే పట్టుబట్టి ఇంట్లో ఆవిరిగది కట్టించాను. దాని ఆవిరి గొట్టాన్ని డేల్ అటక దాకా తెచ్చి, బయటికి తర్వాత తీస్తానన్నాడు. ఆయనగారి 'తర్వాత' ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిరంతా అటకెక్కి, చల్లటి రేకుకు తగిలి మంచుపొరై, పొయ్యి వేడికి కరిగి నా దుప్పటి మీద పడుతోంది.

శుక్రవారం డేల్ అక్క, మా వదిన మర్లీన్, మాంసం, ఉర్లగడ్డ కూరిన పాస్టీలు పట్టుకొచ్చింది. వచ్చీ రాగానే తల పైకెత్తి చూసింది.

"ఏం మరదలా, మీ లూసియానా నుంచి వానాకాలాన్ని కూడా వెంట తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నానులే. గొడుగు వేసుకుని తిను," అన్నాను.

"నవ్వులు కాదు ఒడీల్. వాసాలు కుళ్లిపోతాయి. రేకుల కింద ఆ గట్టిపడే నురుగు కొట్టించెయ్యండి, పీడా పోతుంది."

"తడిసిన వాసాల మీద నురుగు పూస్తే ఆ తడి ఎటు పోతుంది వదినా? లోపలే ఊరుతుంది."

"అటకలో చలి ఆపే గాజుదూది ఇంకో వరస పరుద్దాం," అన్నాడు డేల్ నోటినిండా పాస్టీతో.

"ఎన్ని వరసలు పరిచినా ఆవిరి పోయే దారేదీ? ముందు గాలి ఆడాలి."

"ఇంత గొడవెందుకు?" అంది మర్లీన్. "ఆ సౌనా మూసెయ్యండి."

బల్ల చివర కాఫీ తాగుతున్న మామయ్య కప్పు కింద పెట్టాడు. "అవును, మూసెయ్యండి. నాకూ దాని మీద మోజు పోయిందిలే."

ఒళ్లు మండింది. ఆ మాట అంటూనే ఆయన చెయ్యి మోకాలు నిమురుకుంటోంది, కళ్లు ఆవిరిగది తలుపు మీదే ఉన్నాయి.

"అబద్ధమాడటం కూడా చేతకాదు మామయ్యా మీకు," అన్నాను. "రేపు పొద్దున నేనూ డేలూ అటకెక్కి చూస్తాం. అప్పటిదాకా ఎవరూ ఏదీ మూయొద్దు."

శనివారం పొద్దున మర్లీన్ కూడా హాజరు. నేను ఓడిపోతే చూసి ఆనందించాలిగా! మామయ్య దగ్గర ఆమెను కూర్చోబెట్టి మేం అటకెక్కాం. టార్చి వెలుగులో రేకుల అడుగున మేకుల మొనలన్నిటికీ తెల్లగా మంచు పట్టి ఉంది.

"చూరు పొడుగునా గాలికి కంతలున్నాయే," అన్నాడు డేల్. "మీ గదివైపు మాత్రం ఒక్క వీచిక రావడం లేదు."

"మీ గది ఏంటి? నువ్వు పడుకునేది అక్కడ కాదా?"

"నా మీద చుక్క పడదు కదా, నీ పక్కనే కారేది."

ఆయన భుజాలు పట్టవు కాబట్టి నేనే పాక్కుంటూ చూరు దాకా పోయాను. వాసాల మధ్య ఏదో మెత్తటిది గట్టిగా కుక్కి ఉంది. లాగితే గళ్ల కోటు చెయ్యి ఒకటి వచ్చింది. తర్వాత ఉన్ని మేజోళ్లు, దుప్పటి ముక్కలు, చివరికి పెద్ద పెద్ద బొత్తాల నీలం కోటు. కుక్కినదంతా మా పడకగది పైన మాత్రమే. మామయ్య గది పైన చూరు ఖాళీగా ఉంది.

"నేను కాదు బాబూ," అన్నాడు డేల్ చేతులెత్తి.

నీలం కోటు తీసుకుని కిందికి దిగాను. మర్లీన్ చూసిన చూపుకి నాకే భయమేసింది.

"అమ్మ కోటు! ఇల్లంతా గాలించానే దీని కోసం! చర్చి సంతలో ఇచ్చేశావని డేల్‌ని నానా మాటలూ అన్నాను!"

మామయ్య దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా తలొంచుకున్నాడు.

"ఎప్పుడు పెట్టారు మామయ్యా?"

"నువ్వు కొత్తగా వచ్చిన చలికాలం. నీ పళ్లు టకటకలాడటం నా గదికి వినపడేది. ఈ పిల్ల పారిపోతే మావాడి గతేంటని... నువ్వు బజారుకెళ్లినప్పుడల్లా ఎక్కి కొంచెం కొంచెం కుక్కాను."

"అత్తయ్య కోటు కూడానా?"

"తనే ఉంటే తనే ఎక్కి కుక్కేది."

లూసియానా పిల్లనైనా ఈ చలిని లొంగదీశానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. లొంగదీసింది ఈయన. నేను ముఖం చూడని అత్తగారి కోటు నన్ను ఇన్నేళ్లూ కాచింది. వాళ్లిద్దరికీ దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. మర్లీన్ ఎగతాళి చెయ్యలేదు. కోటు ఒళ్లో వేసుకుని దుమ్ము దులుపుతూ కూర్చుంది.

"ఇంట్లో ఆవిరి లేనప్పుడు దాంతో ఏ ఇబ్బందీ రాలేదు," అన్నాడు మామయ్య మెల్లిగా. "కప్పుకి ఊపిరాడనివ్వలేదన్నమాట నేను. తప్పు నాదే, మూసెయ్యండి."

"మూసేది సౌనా కాదు నాన్నా, తర్వాత తర్వాత అనే డేల్ నోరు," అంది మర్లీన్. "ఒరేయ్, ఆ గొట్టం ఇవాళే బయటికి తియ్యి."

ఆ వారమంతా పనే. గొట్టం గోడలోంచి బయటికి పోయింది. గదుల పైకప్పులో దీపాల చుట్టూ ఉన్న సందులన్నీ పూడ్చాం. అటక నేల మీద గాజుదూది మందంగా పరిచి, అది చూరు కంతల్ని మూయకుండా అడ్డంగా చెక్కలు పెట్టాం. ఇంటి కొప్పు రేకు కింద పొడుగునా సన్నటి సందు తెరిచాం. కింద చూర్లోంచి వచ్చిన గాలి పైన కొప్పులోంచి పోతుంది. వెచ్చదనం గదిలోనే ఉంటుంది. మర్లీన్ నురుగు ఊసెత్తలేదు. చెక్కలు పట్టుకుని అటక మెట్ల మీద నిలబడింది.

మరుసటి శనివారం చెట్లు పగిలే చలి. పడకగది పైకప్పు తడిమి చూశాను, పొడిగా ఉంది. వంటింట్లోకి వచ్చేసరికి ఆవిరిగదిలో రాళ్ల మీద నీళ్లు చుయ్‌మన్నాయి. లోపల్నుంచి మామయ్య కేక.

"ఒడీల్! చూరంతా ఖాళీ చేశాం కదా, నీకు చలెయ్యడం లేదుగా?"

తలుపు మీద చెయ్యి ఆనించాను, వెచ్చగా ఉంది.

"లేదు మామయ్యా," అన్నాను. "ఇంకో చెంబు పోసుకోండి."