పెళ్లిఫోటోలో మంచు

లంబసింగి వెళ్లినా మంచు దొరకని టూరిస్టుల ఫోటోల్లో మంచు పొయ్యడం, సీజనంతా జి.మాడుగులలో మా స్టూడియో పని. మంచే మా మంచి బేరం. అలాంటిది, సుజానా వచ్చి మంచు తీసెయ్యమంది.

తెచ్చింది తన పెళ్లిఫోటో నెగెటివ్. చర్చి మెట్ల మీద తనూ ఎడ్విన్ మాస్టారూ. వెనక గేటు వైపంతా తెల్లటి మంచు. తీసింది మా నాన్న. కవరు మీద ఆయన చేతిరాత చూడగానే ఎర్రబల్బు గదీ, ఫోటోలు కడిగే హైపో వాసనా, "తలుపు తియ్యకురా!" అన్న కేకా ఒక్కసారిగా చుట్టుముట్టాయి.

"చర్చి పెళ్లని మా యమ్మ అలిగింది. 'వచ్చేనే గుంటా, గేటుకాడ మంచులో నిలబడ్డాను' అనేది. నేను నమ్మలేదు. మొన్న వానల్లో పోయింది. బేగి సూడు రవిబాబూ, ఉందా, లేదా?"

లేకపోతే? ఏ ఫోటోలోంచో కోసి అతికించడం నాకు చిటికెలో పని. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"అతకకు బాబూ. ఉంటేనే సూపించు."

స్కాన్ చేసి, పైన వెలుగునీడలు మార్చే కర్వ్స్ లేయరు వేశాను.

"ఏటి సేత్తన్నావు? ఫోటో పాడైపోదు కదా?"

"కింద ఫోటోను తాకనమ్మా. ఇది పైన పరిచే పొర. పొరపాటైతే పొర తీసేస్తాం, మిగిలేది నా పాటే! స్పష్టత కరువైన చోట కర్వ్స్ వెయ్యాలి మరి."

"నీ పరాసికాలాపి సూడు."

కర్వ్స్ గీత కిందికి వంచాను. మంచుతోపాటు పెళ్లికూతురూ నల్లబడింది. మాస్క్ వేసి, గేటు దగ్గర మాత్రం పొర పనిచేసేలా చేశాను. మసకలోంచి ముందు కమ్మీలు తేలాయి. తర్వాత భుజం మీద ముడేసిన చీర. ముఖం తేలలేదు. పైకి లేచిన చెయ్యి తేలింది, అక్షింతలు విసురుతున్నట్టు.

"ఏ చెయ్యది?" సుజానా తెర మీదికి వంగింది.

"ఎడమ."

"మా యమ్మది ఎడమచేతి వాటం. అక్షింతలకైనా అదే సెయ్యి. ప్రెతీ పెళ్లిలో తిట్లు తినేది."

నెగెటివ్ తిరగేసి స్కాన్ చేశానేమో! అలా అయితే కుడిచెయ్యే ఎడమగా కనిపిస్తుంది. ఎడ్విన్ మాస్టారి కోటు చూశాను. జేబు ఉండాల్సినట్టే ఎడమ రొమ్ము మీద ఉంది. సరిగ్గానే పెట్టాను.

"అమ్మే," అన్నాను.

లేయరు పక్కన కన్ను గుర్తు నొక్కితే తల్లి మంచులోకి వెళ్లిపోతోంది. మళ్లీ నొక్కితే వస్తోంది. సుజానా మౌసు లాక్కుంది.

"వచ్చేవేనే అమ్మా," అంటూ నొక్కుతూనే ఉంది.

బయట టూరిస్టులు మంచు కోసం కేకలేస్తున్నారు. కాసేపు ఆగమన్నాను.