గుండె బాగానే ఉంది

భోజనాల బల్ల దగ్గర ఒక పెద్దాయన మంచినీళ్ల కోసం లేచాడు. అంతే! కొడుకు తింటున్నది వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కోడలు ఆయన చేతిలోని గ్లాసు లాక్కుంది. భార్య భుజం పట్టి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. చూసినవాళ్లెవరైనా, ఇంతగా కనిపెట్టుకునే వాళ్లున్నారు, ఎంత అదృష్టవంతుడో అనుకుంటారు. అలా అనుకుంటాం కనకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

ఆయనకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏడేళ్లపాటు చిరిగిన పుస్తకాలను కుట్టి అట్టలు కట్టాడు. అందరికీ ఆయన బైండరుగారే. ఎనిమిది నెలల కిందట బైపాస్ ఆపరేషన్ చేసి, కాలిలోంచి తీసిన రక్తనాళాన్ని గుండెకు వేశారు. మూడు నెలలకల్లా కోసిన రొమ్ము ఎముక అతుక్కుంది, గాయం మానింది. ఇంట్లోవాళ్ల భయం మాత్రం మానలేదు.

మెట్లెక్కొద్దన్నారు. స్నానాల గదికి గడియ పెట్టుకోవద్దన్నారు. చెడ్డ వార్తలుంటాయని పేపరు దాచేశారు. కబుర్లకొచ్చే పాత స్నేహితుణ్ణి, అతను నవ్విస్తే ఈయనకు ఆయాసం వస్తుందని గుమ్మంలోంచే పంపేశారు. దుకాణం మాటెత్తితే, ముందు నువ్వు కోలుకో నాన్నా అనేవాడు కొడుకు. ఎప్పటికి కోలుకున్నట్టో ఎవరూ చెప్పలేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి. మెల్లగా ఆయన అడగడం మానేశాడు, తిండి తగ్గించాడు. ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. పెద్దతనం కదా అని సరిపెట్టుకున్నారు.

కొడుకు చెడ్డవాడు కాదు. ఆపరేషన్ జరిగిన రోజున ఆస్పత్రి వరండాలో వెక్కివెక్కి ఏడ్చినవాడే. అసలు ఒళ్లు మండేది అక్కడే. పగవాడు కాళ్లు కట్టేస్తే ఊరంతా అడుగుతుంది. ప్రేమగా కట్టేస్తే మెచ్చుకుంటుంది.

పరీక్షకు తీసుకెళ్లారు. రెండు గంటలు కూర్చోబెట్టి పెద్ద డాక్టరు మూడు నిమిషాలిచ్చాడు. కంప్యూటరును చూశాడు, కొడుకును చూశాడు. గుండె బాగానే ఉందనీ, ఆపరేషన్ నూటికి నూరుపాళ్లు విజయవంతమనీ చెప్పాడు. బైండరుగారు గొంతు సవరించుకుని, తనకు దేనిమీదా మనసు పోవడం లేదనీ, ఊరికే ఏడుపొస్తోందనీ అన్నాడు.

"నిద్రకో మాత్ర రాస్తున్నాను, వేయండి," అన్నాడు డాక్టరు, కొడుకుతోనే. గుండెను విప్పి చూసినవాడికి మనిషి మొహం చూసే తీరిక లేకపోయింది.

బయటికొచ్చి కొడుకు చక్రాల కుర్చీ కోసం వెతుకుతుంటే, పక్క గదిలోంచి వ్యాయామ చికిత్స చేసే ఆవిడ వచ్చింది. నడవగలిగే మనిషికి కుర్చీ ఎందుకని అడిగి, ఫైలు తీసుకుని తిరగేసింది. ఇంటికి పంపిన రోజు కాగితంలోనే ఉంది, ఆరో వారం నుంచి మూడు నెలలు వ్యాయామం చేయించాలని. ఆ ముక్క ఎవరూ వీళ్లకు చెప్పలేదు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"మీరేం పని చేసేవారండీ?" అని నేరుగా ఆయన్నే అడిగింది.

ఎనిమిది నెలల్లో ఆయన్ని ఒక మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆయన దారం గురించి, జిగురు గురించి, అట్ట వంకర పోకుండా బిగించడం గురించి చెబుతూనే ఉన్నాడు. ఆవిడ నాడి చూస్తూ అంతా విని, మెట్ల దగ్గరికి నడిపించింది. కొడుకు పట్టుకోబోతే చెయ్యి తీయమంది. పద్దెనిమిది మెట్లు. మధ్యలో ఒకసారి ఆగాడు. పైకెక్కి, చెమట తుడుచుకుని నవ్వాడు.

ఇంటికి రాగానే దుకాణం తాళం చెవి అడిగాడు. అప్పుడు బయటపడింది. ఆయన మంచాన ఉండగానే దుకాణం వేరేవాళ్లకి ఇచ్చేశారు. పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు తుక్కు కింద వెళ్లిపోయింది. ఇక ఆ బరువు పనులెందుకులే అనుకున్నామని కొడుకు నసిగాడు.

బైండరుగారు గొంతు పెంచి, ఎవర్నడిగి ఇచ్చారన్నాడు. భార్య కంగారుగా, కోపం వద్దండీ, గుండెకు మంచిది కాదంది.

"కోపానికి కూడా పనికిరాని గుండెను ఎందుకు బాగుచేయించారు?" అన్నాడాయన. "ఆ రోజు నన్ను పోనిస్తే ఒక్కసారే పోయేవాణ్ణి. మీరు రోజుకింత చొప్పున పాతిపెడుతున్నారు."

భార్యే ముందుకొచ్చింది. ఆయన పోతాడన్న భయంతో ఆయన్ని బతకనివ్వలేదని ఒప్పుకుంది. ముందుగదిలో బల్ల ఖాళీ చేయమనీ, ఆ స్నేహితుణ్ణి స్వయంగా వెళ్లి పిలుచుకు రమ్మనీ కొడుక్కి చెప్పింది.

ప్రెస్సు తిరిగి రాలేదు. అప్పటికే కరిగిపోయింది. బరువు పనులు స్నేహితుడికి వదిలి, బైండరుగారు బల్ల దగ్గర కూర్చుని కుట్టుపని మొదలుపెట్టాడు. వారానికి మూడుసార్లు వ్యాయామానికి వెళ్లాడు. నిద్రమాత్ర అవసరం లేకపోయింది.

మూడు నెలలు పూర్తయిన రోజున, వ్యాయామాల గదిలో రోగుల ఇళ్లవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ చికిత్స చేసే ఆవిడ అంది: "వీళ్లకి ఏం పెట్టాలని అందరూ నన్ను అడుగుతారు. వీళ్లకి ఏం కావాలని వీళ్లని ఎవరూ అడగరు. బతికించామని మేం చేతులు దులుపుకుంటాం, కాపాడుకుంటున్నామని మీరు వాళ్ల చేతులు కట్టేస్తారు. ఇద్దరం తప్పు చేస్తున్నాం. గుండెను బాగుచేసి మనిషిని మూలన కూర్చోబెడితే, అది వైద్యమూ కాదు, ప్రేమా కాదు."