సింకు పక్క మంచం

ఏటి గట్టు తెగి బజారు దాకా నీళ్లొచ్చిన రెండో వరద ఏడు. నానిన గోడ కూలి నా బావమరిది కాలు మీద పడింది. ఎముక విరిగి బయటికొచ్చింది. పెద్దాసుపత్రిలో చేర్చాం. మా ఆవిడకి పుట్టింటి వైపు మిగిలింది ఆ తమ్ముడొక్కడే.

వార్డులో సింకు పక్క మంచం వాడే అడిగి తీసుకున్నాడు.

“సముద్రం పక్కన గది దొరికింది బావా. అక్కకి చెప్పు, కుళ్లుకుంటుంది.”

“నోర్మూసుకుని పడుకోరా” అన్నాను. నేను మాట్లాడేది తక్కువ. నా వాటా కూడా వాడే మాట్లాడేవాడు.

నాది పైపుల పని. ఆ సింకులో కుళాయి ధార సూటిగా కంతలోనే పడేది. గట్టిగా తిప్పితే తుంపర ఎగిరి వాడి దుప్పటి మీద పడేది. “వరద నన్నింకా వదల్లేదు బావా” అని నవ్వేవాడు.

ఆ వార్డులో సీసాల్లో మిగిలిన మందంతా ఆ సింకులోనే ఒంపేవాళ్లు. సిస్టర్లూ ఒంపేవాళ్లు, రోగుల మనుషులూ ఒంపేవాళ్లు. నేల జిగటవకుండా ఉంటుందని, గొట్టమూ శుభ్రపడుతుందని.

పుండు మానుతూ వచ్చింది. కాలు నిలుస్తుందన్నారు. ఇంతలో మళ్లీ జ్వరం. మందు మార్చారు. తగ్గలేదు. ఇంకోటి మార్చారు. అదీ అంతే.

కంటికి కనపడని పురుగుల పరీక్ష చేసే డాక్టరమ్మ నన్ను నడవలోకి పిలిచింది.

“పక్క వార్డు ముసలాయన ఒంట్లో ఉన్నది ఒక రకం పురుగు. మీవాడి పుండులోది వేరే రకం. మందుని విరగ్గొట్టే కిటుకు మాత్రం రెండింటికీ ఒకటే. సింకు గొట్టంలోనూ అదే దొరికింది.”

“వేరే రకానికి ఎట్లా వచ్చిందమ్మా?”

“పక్కపక్కన అంటుకుని, ఆ కిటుకున్న చిన్న ముక్కకి నకలు తీసి ఒకటి ఇంకోదానికి ఇచ్చేస్తుంది. ఒకే జాతి కానక్కర్లేదు. గొట్టం జిగురులో కిక్కిరిసి ఉంటాయి కదా. పైనుంచి మనం మందు పోస్తున్నాం. కిటుకు లేనివి చస్తాయి, ఉన్నవే పెరుగుతాయి. కుళాయి తిప్పితే తుంపరతో మంచం మీదికొస్తాయి.”

“మందు పోస్తే గొట్టం శుభ్రపడుతుందనుకున్నాం.”

“అందరూ అట్లాగే అనుకున్నారు. సింకు తీసెయ్యమని ఆఫీసుకి చెప్పాను. చూస్తామన్నారు.”

లోపలికి వెళ్లాను. వాడు నా మొహం చూశాడు.

“కాలు తీస్తారా బావా?”

“తీస్తారు.”

“పోనీలే. ఇక పనికి రమ్మని నన్ను తరమలేవు.”

కాలు తీశారు. అప్పటికే పురుగు రక్తంలోకి పాకింది. ఆ మధ్యాహ్నమే పోయాడు.

మా ఆవిడ ఏడవలేదు. “గోడ కింద పడి బతికినవాడు, మంచం మీద ఎట్లా పోయాడయ్యా?” అంది.

మర్నాడు పొద్దున వాణ్ణి తీసుకెళ్లే బండి రావటం ఆలస్యమైంది. వార్డులోకి వెళ్లాను. ఆ మంచం మీద అప్పటికే ఒకావిడ ఉంది, పొట్టకి కట్టుతో. ఆమె కూతురు మందు సీసా సింకు మీదికి ఒంచుతోంది.

“నీళ్ల పక్కనే మంచం దొరికింది పెద్దాయనా, అదృష్టం” అంది.

సీసా తీసుకుని పక్కన పెట్టాను. మంచాన్ని అవతలి గోడ దాకా జరిపాను. వంగి సింకు కింది వాల్వు కట్టేశాను.

“ఎవరు చెప్పారు?” అంది సిస్టరు.

“ఎవరూ చెప్పలేదమ్మా. టేపు ఉంటే ఇవ్వు.”

నన్నూ ఆ మంచాన్నీ చూసి, ట్రేలోంచి తీసిచ్చింది. కంత మీద అడ్డంగా, నిలువుగా అంటించాను. చేతులు కడుక్కోటానికి ఆవరణలో కుళాయి దాకా నడిచాను.