అత్తగారి గదిలో గోల్ఫ్

డ్రైవింగ్ స్కూల్ మాస్టారికి రోజంతా కాలు బ్రేకు మీదే ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్క సీట్లో ప్రాణాలు పట్టుకుని కూర్చుంటాడు. కుడికి తిప్పమంటే ఎడమకి తిప్పేవాళ్ళు, ఆపమంటే కళ్ళు మూసుకునేవాళ్ళు, గేరు మార్చమంటే వైపర్లు వేసేవాళ్ళు. వీళ్ళందరి చేతుల్లోంచి బతికి బయటపడి సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆయనకి ఒకే ఒక్క కోరిక మిగిలి ఉండేది. కంప్యూటర్ ముందు కూర్చుని మినీ గోల్ఫ్ ఆడుకోవాలి.

ఆటలో ఏముంది, ఒక తెల్లటి బంతి, ఒక గుంత. మధ్యలో గాలిమరలు, వంతెనలు, ఒకచోట నోరు తెరుస్తూ మూస్తూ ఉండే ప్లాస్టిక్ మొసలి. మౌస్ వెనక్కి లాగి వదిలితే బంతి దొర్లుతుంది. అది దారి తప్పినా ఎవరి బంపరూ ఊడదు, ఎవరి నాన్నా స్కూలుకొచ్చి అరవడు. భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. పొద్దున్నించీ జనం చేతుల్లో సూదులు గుచ్చి అలిసిపోయి వచ్చేది. బంతి గుంతలో పడిందని కుర్చీలో ఎగిరే మొగుణ్ణి చూసి, ఈయనకి కూడా ఓ సీసా రక్తం తీసి పరీక్ష చేయించాలని రోజూ అనుకునేది.

ఇలా ఉండగా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. నాలుగు వారాలు కూతురి దగ్గర ఉండి కోలుకోవాలన్నారు. ఇంట్లో ఖాళీగా ఉన్న గది ఒక్కటే, అది కంప్యూటర్ ఉన్న గది. కంప్యూటర్ని హాల్లోకి మారుద్దామంటే ఇంటర్నెట్ వైరు అక్కడిదాకా రాదు. మాస్టారి గుండె జారిపోయింది.

ఎందుకంటే అత్తగారికీ ఆయనకీ మాటల్లేవు. పోట్లాట లాంటిది కూడా కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి అల్లుడి దగ్గర కారు నేర్చుకుంది. ఓ రోజు నేరుగా పోయి డ్రైవింగ్ స్కూల్ బోర్డునే గుద్దింది. మీకు వెనక సీటే అచ్చొస్తుంది అత్తయ్యా అని ఆయన నలుగురి ముందు నవ్వుతూ అన్నాడు. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో హెడ్ నర్సుగా పనిచేసిన మనిషి. పేరుమోసిన సర్జన్లనే మళ్ళీ చేతులు కడుక్కురమ్మని వెనక్కి పంపిన మనిషి. ఆ రోజు కారు దిగిందే తప్ప మళ్ళీ అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నీ కూతురి ద్వారానే. కాస్త ఆ ఫ్యాను వేయమనవే అని ఆవిడా, మీ అమ్మగారికి ఫ్యాను ఎంత స్పీడులో కావాలో కనుక్కో అని ఈయనా. ఇద్దరూ ఒకే గదిలో, మూడడుగుల దూరంలో కూర్చుని.

మొదటి రెండ్రోజులు మాస్టారు ఆట మానేశాడు. మూడోరోజు ఆగలేక పిల్లిలా గదిలోకి దూరి, శబ్దం ఆపేసి, కంప్యూటర్ ఆన్ చేశాడు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకునే ఉంది. మొసలి దగ్గర బంతి ఇరుక్కుంది. మళ్ళీ కొట్టాడు, మొసలి మళ్ళీ మింగింది. ఇంకోసారి కొట్టాడు, ఇంకోసారి మింగింది.

"నోరు మూసినప్పుడు కొట్టాలి," అంది వెనకనుంచి ఓ గొంతు. "బంతి అక్కడికి చేరేసరికి తెరుస్తుంది."

కూతురు వచ్చిందేమో, ఆమెతో అంటున్నారేమోనని మాస్టారు తిరిగి చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. అత్తగారు ఎప్పుడు ఇటు తిరిగిందో, తలగడ మీద మోచెయ్యి ఆనించుకుని తెరకేసే చూస్తోంది. ఆవిడ చెప్పినట్టే కొట్టాడు. బంతి మొసలి పళ్ళ మధ్యలోంచి దూసుకుపోయి గుంతలో పడింది.

ఆ వారాంతానికి మౌస్ ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఒళ్ళో భోజనం ట్రే, ట్రే మీద మౌస్. కత్తెర అందుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది, ఊపిరి బిగబట్టి వదిలేది. మాస్టారు ఏళ్ళతరబడి చెమటోడ్చి దాటిన గాలిమరల్ని ఆవిడ ఆవులిస్తూ దాటేసింది. ఆవిడ మాటలు కూడా మీరు దగ్గర మొదలై, ఆట వేడెక్కేసరికి నువ్వులోకి దిగిపోయాయి. బంతిని కొడుతున్నావా, పామును కొడుతున్నావా అని ఆవిడ అడిగేది. మీరు వంతెన మీదుగా కొట్టాలి గానీ వంతెనని కాదని ఈయన అందించేవాడు.

ఇన్నేళ్ళుగా ఇద్దరి మధ్యా తపాలా మోసిన కూతురు ముందు హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. అన్నం తినేటప్పుడు కూడా వాళ్ళిద్దరూ ఏటవాలు గురించీ, ఇసుక గురించీ వాదించుకునేవారు. పప్పులో ఉప్పుందా అని ఆమె అడిగితే, ఉంది కానీ నాలుగో మలుపులో ఎడమకి కొట్టాలి అని జవాబొచ్చేది.

ఆ ఆటలో జంటల పోటీ ఒకటి మొదలైంది. జట్టుకి మెరుపు దండు అని పేరు పెడదామన్నాడు మాస్టారు. సిగ్గుండాలి అంది అత్తగారు. చివరికి మోకాలు అని పెట్టారు. మోకాలు జట్టు గెలుస్తూ పోయింది. గెలిచేకొద్దీ ఓ చిక్కొచ్చి పడింది. అసలు మోకాలు కూడా బాగుపడుతోంది.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి ఆ సోమవారం కాలు వంచమంటే, అత్తగారు సగం వంచి కెవ్వుమంది. ఈ వారం ఇంటికి పంపేస్తే సెమీఫైనలూ, ఆదివారం ఫైనలూ ఎవరాడతారు? రాత్రంతా మూలుగుతూనే ఉన్నారండీ అని మాస్టారు గంభీరంగా సాక్ష్యం చెప్పాడు. ఆ అమ్మాయి మోకాలిని చూసింది, మాస్టారిని చూసింది, ఇంకో వారం ఉండమంది. ఆ సంగతి చెప్పడానికి ఇంటికి ఫోన్ చేస్తే, మావగారు బోలెడు బాధపడ్డాడు. మోకాలంటే మాటలా, ఇంకో నెల ఉంచుకోండి, నా గురించి బెంగ పెట్టుకోవద్దు అన్నాడు. వెనకనుంచి పేకముక్కలు కలుపుతున్న చప్పుడూ, నలుగురి నవ్వులూ వినిపించాయి.

సెమీఫైనల్ నాడు ల్యాబులో కరెంటు పోయి కూతురు తొందరగా ఇల్లు చేరింది. గది తలుపు తోసేసరికి ఆమె తల్లి నేల మధ్యలో నిలబడి, మౌస్ గాల్లోకెత్తి, రెండు కాళ్ళ మీదా గుండ్రంగా తిరుగుతోంది. అల్లుడు చప్పట్లు కొడుతున్నాడు. కూతుర్ని చూడగానే ఆవిడ అమ్మా అంటూ వంగి మోకాలు పట్టుకుంది.

"అది కుడి మోకాలమ్మా," అంది కూతురు. "ఆపరేషన్ ఎడమదానికి."

తర్వాత మాట్లాడింది కూతురొక్కతే. ల్యాబులో నించుని నించుని కాళ్ళు పీక్కుపోయి తను ఇంటికొచ్చి వండుతుంటే, నర్సుగా పనిచేసిన మనిషికి నొప్పి నటించడానికి మనసెలా ఒప్పిందని కడిగేసింది. రేపే బండెక్కిస్తానంది.

"ఆదివారందాకా ఉండనీ," అన్నాడు మాస్టారు. "కావాలంటే తర్వాత నన్ను కూడా పంపేయ్."

అత్తగారిని ఉంచమని బతిమాలే మొగుణ్ణి ఆమె ఎగాదిగా చూసింది. చివరికి ఆదివారందాకా వంటా, గిన్నెలూ వాళ్ళిద్దరివేనని తీర్పిచ్చింది. ఆ వారం ఆ ఇంట్లో తిన్నదాని గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

ఫైనల్లో అవతలి జట్టు పేరు బద్ధకం పిల్లులు. ఎవరో, ఎక్కడివాళ్ళో తెలియదు. చివరి గుంత దాకా ఆట సమానంగా నడిచింది. మోకాలు జట్టు ఆఖరి దెబ్బ మాస్టారిది. అత్తగారు ఈసారి ఒక్క తిట్టూ తిట్టలేదు, భుజం మీద చెయ్యి మాత్రం వేసింది. ఆయన మౌస్ లాగి వదిలాడు. బంతి గాలిమర దాటింది, వంతెన దిగింది, తిన్నగా గుంత దగ్గరికి పోయి సరిగ్గా అంచు మీద ఆగింది. అత్తగారు ముందుకి వంగి తెర మీద ఉఫ్ అని ఊదింది. మాస్టారు కూడా ఊదాడు. చూడనట్టు గుమ్మంలో నిలబడ్డ కూతురు ఉండబట్టలేక, బల్ల కదపండి అంది. కదిపారు కూడా. బంతి కదల్లేదు.

పిల్లులు వాళ్ళ బంతిని సుఖంగా గుంతలో వేసుకుని, ఏడుస్తున్న బొమ్మ ఒకటి పంపారు. అత్తగారు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ దానికి రాసిన జవాబు ఇక్కడ చెప్పదగ్గది కాదు. స్పెల్లింగులు మాత్రం మాస్టారు దిద్దాడు.

మర్నాడు ఆవిడ వెళ్ళిపోయింది. గది మళ్ళీ మాస్టారి సొంతమైంది. సాయంత్రం కూర్చుని ఆడాడు. కష్టమైన దెబ్బ ఒకటి పడింది, ఎగరబుద్ధి కాలేదు. బాగా పడింది కదా అనడానికి పక్కకి తిరిగితే దులిపి పరిచిన దుప్పటి కనిపించింది. రెండ్రోజులు ఓపిక పట్టి, భార్యకి చెప్పకుండా, నేరుగా అత్తగారికే ఫోన్ చేశాడు.

ఎత్తింది మావగారు. గొంతు నీరసంగా ఉంది.

"ఆవిడ లేదు. కంప్యూటర్ కొనడానికి వెళ్ళింది," అన్నాడు. "నా పేకాట బల్ల మీద పెడుతుందట. నీకు నేనేం అన్యాయం చేశాను అల్లుడూ?"