మోటర్ల శ్రుతి

భద్రాచలంల కరకట్ట పక్క గల్లీకి కిరాయికి వచ్చి నాలుగు నెలలు. హార్మోనియం పెట్టెలు బాగుచేసేటోనికి మా ఊరు బోనకల్‌ల ఏం దొరుకుతది? చర్చి పెట్టె ఒకటి, భజన మందిరం పెట్టె ఒకటి. ఈ గల్లీలనైతే ఇంటికో పెట్టె. ఎదురుగ కూచిపూడి నేర్పే ఇల్లు, పక్కన సన్నాయి అన్నదమ్ములు, మూల మీద హరికథలాయన. కట్ట ఎక్కితే గోదారి.

నా భార్య జోజమ్మకు ఇది తెగ నచ్చింది. వంట కాంగనే కట్ట మీదికి పోతది. పక్కింటామెతోని బస్సెక్కి పర్ణశాల పోయొచ్చి, సీతమ్మ చీర ఆరేసిన బండల సంగతి వారం చెప్పింది. కుదురు లేంది నాకే. పొద్దుగాల సన్నాయి, పగలు గజ్జెలు, సాయంత్రం హరికథ. నా పనేమో నిశ్శబ్దంల చేసేది. పెట్టె లోపల పలికే ఇత్తడి రీడును కొసన గీకితే స్వరం పైకి పోతది, మొదట్ల గీకితే దిగుతది. ఆ వెంట్రుకంత తేడా చెవికే తెలుస్తది. ఊదితే సరైన శ్రుతి పలికే గొట్టం ఉంటది, ఆ శ్రుతి గొట్టం నేనెన్నడు ముట్టలే. "స" నా చెవిలనే ఉంటదని చెప్పుకునేటోణ్ని.

శ్రావణంల గోదారి పెరిగింది. మొదటి హెచ్చరిక ఇచ్చిండ్రు. కట్ట తూములు మూసి, ఊళ్లె నీళ్లు నదిల ఎత్తిపోసే మోటర్లు నడిపిండ్రు. ఒకటే మోత. సరిగ్గ అప్పుడే సంగీతం టీచరు నిర్మలాదేవి తన పెట్టె పంపింది. శుక్రవారం సాయంత్రం ఆమె కచేరి. ఇదొక్కటి సరిగ్గ పలికితే గల్లీ అంత నా దగ్గరికొస్తది. పలకకుంటే సామాను సర్దుకునుడే. మూడు దినాలు వంచిన తల ఎత్తలే.

గురువారం పొద్దుగూకంగ తీసుకపోయి ఇచ్చిన. టీచరమ్మ తిత్తి ఆడించి నాలుగు మెట్లు నొక్కింది.

"కొత్త పెట్టె లెక్క పలుకుతుంది అంతోనయ్యా."

కచేరికి సత్తుపల్లి నుంచి వచ్చిన వెంకటకృష్ణ పిల్లనగ్రోవి అందుకున్నడు. ఊదిండు, ఆపిండు. మళ్ల ఊదిండు, మళ్ల ఆపిండు.

"టీచర్ గారూ, ఈ శ్రుతి ఎవరిదండీ?"

"నాదే. ఎప్పటి ఐదున్నర శ్రుతే."

"కాదండీ, కిందికుంది. ఫిడేలైతే తీగ దించుకోవచ్చు. నేనేం చెయ్యను? వెదురుకి నీళ్లు పోసి పొడుగు పెంచమంటారా?"

నేర్చుకునే పిల్లలు కిసుక్కుమన్నరు. నేను వంగి "స" నొక్కి పట్టిన. కిటికీల నుంచి మోటర్ల మోత వస్తున్నది. రెండూ ఒక్కటే. ముప్పై ఏడు రీడ్లు నేను మోటర్లకు కలిపిన.

వానకు చెక్క ఉబ్బిందంటే నమ్ముతరు. ఆ మాట నోటిదాక వచ్చింది.

"తప్పు నాదే టీచరమ్మా. మోటర్ల మోత చెవిల కూసున్నది. దానికే కలిపిన."

ఆమె నన్నట్లనే చూసింది. "అయితే రేపు మోటరునే వంతపాటకు కూసోబెట్టుకోవాల్నా? దానికి టీ కూడా పొయ్యక్కర్లేదు." మళ్ల నవ్వు ఆపి, "నాలుగింటికి కావాలె. అయితదా?"

"అవ్" అన్న. అయితదో లేదో నాకు తెల్వదు.

ఇంటికొస్తే జోజమ్మ, "ఏందయ్యా, మొగం గట్ల పెట్టినవు?" అన్నది. చెప్పిన. రేపు చెడితే బోనకల్ పోదామన్న.

"నువ్వు పో. నేను కట్ట మీద ఇడ్లీ బండి పెట్టుకుంట." మళ్ల మెల్లగ అడిగింది. "చెవి పోయిందా?"

దారి పొడుగునా నన్ను నేను అడుగుకున్నది అదే.

తెల్లారంగనే టీచరమ్మ ఇంటికి పోయి శ్రుతి గొట్టం అడిగిన. ఇరవై ఏండ్లు గొప్పలు చెప్పిన నోటికి ఆ మాట జల్దీ రాలే. ఆమె గొట్టం చేతిల పెట్టి, కట్ట దిక్కు కిటికీలు మూసి, వెనక అర్ర చూపించింది.

ఊదుడు, వినుడు, గీకుడు. ఇప్పటికే ఒకసారి గీకిన రీడ్లు, ఇంకోసారి గీకాలంటే పానం గుంజుతది. పదకొండోది పలచబడి పటుక్కున ఇరిగింది. సంచిల ఉన్న పాతది ఏసిన. ఇరవై దాటినంక ఎందుకో ఆగి గొట్టం ఊదితే, చివరి రెండూ మళ్ల మోటర్ల దిక్కు కిందికి జారినయి. చేతులు తుడుచుకుని ఆ రెండు మళ్ల చేసిన. అప్పటి నుంచి ఒక్కో రీడుకు రెండుసార్లు ఊదిన. అన్నం తినమంటే ఒద్దన్న. నాలుగుకు పది నిమిషాలుండంగ తిత్తి మూసిన.

కచేరి హాలుల జోజమ్మ ముందు వరసల చేరింది. పక్కన జాగ పెట్టి చెయ్యూపింది. నేను పోలే. చెప్పులిడిసే కాడ నిలబడ్డ. మొదటి కీర్తనల టీచరమ్మను చూడలే, పెట్టెను చూడలే. వెంకటకృష్ణ కనుబొమ్మలు చూసిన. ఒకసారి ముడిపడ్డయి. నా కాలు చెప్పుల దిక్కు పోయింది. ఆయన పెదవి మీద వాలిన ఈగను ఊదుకున్నడు, అంతే.

హరికథలాయన ఆలస్యంగ వచ్చి నా పక్కన చెప్పులిడుస్తూ, "పెట్టె ఎవరు చేసిండ్రు?" అన్నడు.

"అయిపోయినంక చెప్త" అన్న.

మూడో కీర్తనల గొంతు పైస్థాయికి పోయింది. పెట్టె పోయింది, వెనుకనే పిల్లనగ్రోవి పోయింది. మూడూ ఒక్కటిగ అక్కడ నిలబడ్డయి. వెంకటకృష్ణ కండ్లు మూసుకున్నడు. ఒకటి కుదిరినంత మాత్రాన నమ్మొద్దని నాలుగోది గూడ నిలబడే విన్న.

ఐదోదానికి పోయి జోజమ్మ పక్కన కూసున్న.