నూటపన్నెండో నంబరు పట్టా

మా ఊళ్ళో మా ఇంటిపేరుతో ఎవరికీ పనిలేదు. మమ్మల్ని నూటపన్నెండోళ్ళు అంటారు. శిస్తు వసూలు రోజుల్లో తలారి వీధిలోకి వచ్చి మనుషుల పేర్లు పిలవడు, పట్టా నంబర్లు పెట్టి అరుస్తాడు. చర్చి వెనక మా వాడలో నలభై గడప ఉంటే, పట్టా నంబరున్న గడప మాదొక్కటే. అందుకని ఆ అరుపు మాకు పేరైపోయింది.

కాపురానికొచ్చిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. నంబర్లు జైల్లో ఖైదీలకు కదా ఉండేది అని మా ఆయన దానియేలును సాధించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన మాట్లాడటం అంటే ఏడాదికొకసారి వచ్చే పండగ. తర్వాత తర్వాత నాకే ఆ పిలుపు వింటే మెడ కొంచెం నిక్కేది. ఎనిమిదెకరాల చేను, మిరపా జొన్నా, మరి ఊరికే వస్తుందా? అరవై ఒకటిలో జనాభా లెక్కలు రాసే పని మా బడి టీచర్లకే వేస్తే, మా ఇంటి కాగితంలో "సొంత భూమి సాగు" అని నేనే గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ నంబరు కింద ఎవరి పేరుందో ఒక్కసారి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. రశీదు మీద నంబరూ, కట్టినవాడి పేరూ తప్ప మరేమీ ఉండదు. చదువుకున్నదాన్నని ఊరికే విర్రవీగాను.

అరవై మూడులో సాగర్ కుడికాలవకు భూములు తీసుకుంటున్న రోజుల్లో కరణం బ్రహ్మయ్యగారు ఒక నోటీసు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మా చేలో ఎకరన్నర కాలవకు పోతుంది, మిగిలిన ఆరున్నరకూ నీళ్ళొస్తాయి. నేను ఎగిరి గంతెయ్యబోయి పేరు చూశాను. పట్టాదారు షేక్ మీరా సాహెబు అని ఉంది.

"ఎవరి నోటీసో తెచ్చి మాకిచ్చారు కరణంగారూ! కళ్ళజోడు మార్చండి," అన్నాను.

"నా కళ్ళజోడుకేం కాలా టీచరమ్మా. నూటపన్నెండు పట్టా ఆ పేరునే ఉంది. మా నాయన రాతలోనూ అదే, ఆయనకు ముందు రాతలోనూ అదే. మీకు తెలుసనుకున్నా," అన్నాడు బ్రహ్మయ్యగారు. ఆయన ముఖంలో వెటకారం లేదు, జాలి ఉంది. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది. "నెలన్నరలో గురజాలలో విచారణ. మీ దగ్గర కాగితం ఉండాల. లేకపోతే ఆ మీరా సాహెబు వారసులొచ్చి మాదే అంటే, మీరు కౌలుదార్లు కూడా కారు."

ఆ రాత్రి దానియేలు అన్నం ముట్టలేదు. ఆయనకు ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే వారంలో కలరాతో పోయారు. ముసలి నాయనమ్మ ఆయన్నీ చంటిబిడ్డ ఐజాక్‌నూ ఆ చేను మీదే సాకింది. ఆ చేను ఎట్లా వచ్చిందో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వాళ్ళ తాత ఏసోబు సంపాదించాడని మాత్రం ఊళ్ళో అనుకుంటారు.

మర్నాటి నుంచి బడి వదలగానే నేను కాగితాల వేటలో పడ్డాను. తాలూకా ఆఫీసులో పాత సెటిల్మెంటు రిజిస్టరు తీయించాను. గుమాస్తా దుమ్ము దులిపి పేజీ తిప్పితే అక్కడా మీరా సాహెబే. పోనీ పాత జనాభా లెక్కల్లో మా వాళ్ళను రైతులని రాసి ఉంటారేమో చూపించమన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"అమ్మా, మీరూ రాశారుగా లెక్కలు? తలకాయలు లెక్కేసుకుని కాగితాలు పారేస్తారు. పేర్లు ఎవరు దాస్తారు!"

మిషన్ బంగళాకు వెళ్ళి బాప్తిస్మాల పుస్తకం అడిగాను. అందులో మా తాత దొరికాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది. పేరు పక్కన ఆనాటి మిషన్ దొరగారు చక్కగా రాశారు: ఏసోబు, వయసు ఇరవై రెండు, మీరా సాహెబు గారి పాలేరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అంటే చేను ఆసామిది, మేము ఆయన పాలేరు మనవలం. ఎవరూ అడక్కపోతే అరవై ఏళ్ళు దర్జాగా దున్నుకున్నామన్నమాట. బంగళా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నూటపన్నెండోళ్ళు అని పిలిస్తే మెడ నిక్కించిన నేను, ఇక వీధిలో తల ఎట్లా ఎత్తుకోవాలో తెలియలేదు.

మా మరిది ఐజాక్ నరసరావుపేటలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. వాడికి కన్నీళ్ళు గిట్టవు, కాగితాలే గిట్టుతాయి.

"వదినా, అరవై ఏళ్ళ సాగు ఉంది, దావా వేస్తే గెలుస్తాం. కానీ పదేళ్ళు కోర్టు చుట్టూ తిరగాల. దానికన్నా సుళువు ఒకటుంది," అన్నాడు. మీరా సాహెబు వంశంలో దావూద్ అనే మనవడొక్కడే మిగిలాడనీ, కరువులో ఊరొదిలి చిలకలూరిపేట పోయిన కుటుంబమనీ, ఇప్పుడు అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో మిషన్లు బాగుచేస్తున్నాడనీ అప్పటికే వాకబు చేశాడు. ఒక కాగితం కూడా సిద్ధం చేశాడు. 'మా తాత ఈ చేను ఏనాడో ఏసోబుకు అమ్మి పూర్తి పైకం పుచ్చుకున్నాడు, మాకు హక్కు లేదు' అని అందులో ఉంది. "ఆయనకు చదువు రాదంట. కాలవ సర్వే కాగితమని చెప్పి వేలుముద్ర వేయించు. నువ్వు టీచరమ్మవి, నిన్నైతే నమ్ముతాడు."

నేను ఛీ అనాల్సింది. అనలేదు. దానియేలు మూడు వారాల్లో సగమైపోయాడు. అర్ధరాత్రి లేచి చేనుకు పోయి గట్టు మీద కూర్చునేవాడు. ఆయనకు ఆ కాగితంలో ఏముందో చెప్పకుండా, సర్వే పనని చెప్పి, వెంటబెట్టుకుని చిలకలూరిపేట బస్సెక్కాను.

మిల్లు వెనక రేకుల ఇల్లు. గడపలో అరవై ఏళ్ళ మనిషి, చేతులకు గ్రీజు, ఒక చక్రానికి పళ్ళు అరగదీస్తున్నాడు. మేము ఫలానా ఊరి నుంచి వచ్చామన్నాను. ఆకురాయి ఆపి తలెత్తాడు.

"ఎవురోళ్ళు?"

"కాలవ సర్వే పనండీ. ఒక చేను సంగతి. నూటపన్నెండు నంబరు..."

నా మాట పూర్తి కాలేదు. దావూద్ లేచి నిలబడి ఇంట్లోకి కేక పెట్టాడు. "ఏమే బీబీ! మంచమెయ్యి! నూటపన్నెండోళ్ళొచ్చారు!"

ఆ ఇంట్లో కూడా మా పేరు అదే. నాకేమీ అర్థం కాలేదు. బీబీ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముఖమూ దానియేలు ముఖమూ ఎంతో కాలంగా ఎరిగినవాళ్ళను చూసినట్టు చూసింది. ఎండన పడొచ్చారని మజ్జిగ ఇచ్చింది. దావూద్ చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుని, "ఏదమ్మా కాయితం?" అని అడిగాడు. ఇచ్చాను. ఏముందని అడగలేదు. నేను తీసిన సిరాబుడ్డి మూతలో వేలు ముంచి, "యాడ పెట్టాల?" అన్నాడు.

జన్మలో అంత సిగ్గు నేను ఎరగను. ఆ మజ్జిగ ఇంకా నా గొంతులోనే ఉంది. ఆయన మణికట్టు పట్టుకుని ఆపాను.

"ఆగు బాబాయ్. ఇది సర్వే కాగితం కాదు. చదువుతాను విను," అని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదువుతూ చదువుతూ ఏడుపొచ్చేసింది. "మేము కొన్నామని రాశాం. అది అబద్ధం. కొన్నామో లేదో మాకు తెలియదు. నిన్ను మోసం చేద్దామనే వచ్చాను. మా ఆయనకు ఇదేమీ తెలియదు."

దానియేలు తల నేలకేసుకున్నాడు. బీబీ భర్త వంక చూసింది. దావూద్ కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన వేలిని గుడ్డకు తుడుచుకుని మెల్లిగా కూర్చున్నాడు.

"అమ్మాడంటే అబద్ధమే మరి. మా తాత అమ్మలా. మాది కాందాన్ని ఎట్టా అమ్ముతాడు?" అన్నాడు. "మీకెవురూ చెప్పలేదా అమ్మా?"

అప్పుడు చెప్పాడు. ఏసోబు తాత మీరా సాహెబు దగ్గర పన్నెండేళ్ళు పాలేరుతనం చేశాడట. తిండీ బట్టా తప్ప జీతం తీసుకోకుండా ఆయన దగ్గరే దాచిపెట్టుకున్నాడట, చేను కొనాలని. తీరా కొనబోతే వాడవాడికి భూమి అమ్మేదేంటని ఊళ్ళో ఒక్కడూ ఒప్పుకోలేదు. మీరా సాహెబు ఆ డబ్బుతోనే తన పేరున కొని ఏసోబు చేతికి నాగలిచ్చాడు. తర్వాత పట్టా మార్చుకోమంటే ఏసోబే వద్దన్నాడట. 'నీ పేరుంటే ఎవడూ నా గట్టు జరపడు అయ్యా' అన్నాడట.

"మా తాత పోతా పోతా గురజాల ఆఫీసులో వీలునామా రాయించాడు. నాకు చదువు రాదు గానీ ఆ మాట మాత్రం మా నాయన నాకు నేర్పాడు. కలరాలో మీ వాళ్ళు పోయారని తెలిసి ఈడ్నించి మీ ఇంటికి పోయాడంట కూడా. మీ నాయనమ్మ భయపడి తలుపు తియ్యలేదంట. చేను లాక్కుపోను వచ్చాడనుకుంది కాబోలు. పిల్లలు పెద్దయినాక వాళ్ళే వస్తార్లే అని తిరిగొచ్చాడు."

"మరి మీరు ఊరెందుకు వదిలారు?" అని దానియేలు అడిగాడు.

దావూద్ మళ్ళీ చక్రం చేతికి తీసుకున్నాడు. బీబీ చెప్పింది. "కరువొచ్చింది నాయనా. మా ఇరవై ఎకరాలూ అమ్ముకున్నాం. అప్పుడు మా అత్త అడిగింది, ఆ ఎనిమిదెకరాలు కూడా మన పేరునే ఉండాయిగా అని. మా మామ చెయ్యెత్తి కొట్టబోయాడు. ఆవిడ మీద ఆయన చెయ్యెత్తింది చానా ఏళ్ళలో ఆ ఒక్కసారే."

ఐజాక్ రాసిన కాగితం అక్కడే నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. బీబీ ఆ మంట మీదే మాకు అన్నం వండింది.

వీలునామాలు రిజిస్ట్రారు ఆఫీసులో విడిగా ఒక పుస్తకంలో ఉంటాయి. రాసినవాడు పోయాక ఎవరడిగినా నకలిస్తారు. అన్ని పుస్తకాలూ తిరగేయించిన నేను ఆ పుస్తకం జోలికి పోలేదు. మా వాడలో వీలునామా రాసేంత ఆస్తి ఎవరికుంది, మాకోసం ఎవరు రాస్తారు అనుకున్నాను. నకలు తీసుకున్నాం. విచారణ రోజున దావూద్ తెల్లటి చొక్కా వేసుకుని తొలి బస్సులో గురజాల వచ్చాడు.

అధికారి ఆ నకలు పైకి చదివించాడు. చదివింది నేనే. "నా పేరనున్న నూటపన్నెండో నంబరు పట్టా భూమి నా సొత్తు కాదు. నా యొద్ద పన్నెండు సంవత్సరములు పనిచేసిన ఏసోబు కష్టార్జితము. అతనికి ఎవ్వరును భూమి అమ్మనందున నా పేర కొంటిని. నా వారసులకు దీనియందు హక్కు లేదు. ఆకలిగొన్నను అమ్మరాదు. ఏసోబు సంతతివారు కోరిననాడు అప్పజెప్పవలెను." చివరి వాక్యాల దగ్గర కాగితం బ్రహ్మయ్యగారి చేతిలో పెట్టాను, ఆయన అందుకుని పూర్తి చేశాడు.

అధికారి నకలు తీసుకుని తానూ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత వాంగ్మూలం రాయించుకుంటూ అడిగాడు. "దావూద్, ఆలోచించుకున్నావా? రేపు నీళ్ళొచ్చే భూమి. ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని రాసుకోమంటావా?"

"వదులుకోటం ఏందయ్యా? మాదైతేగా వదులుకునేది!" అన్నాడు దావూద్. "మా తాత అప్పజెప్పమన్నాడు, అప్పజెప్పానని రాసుకోండి. కాస్త ఆలిస్యమైంది, అది కూడా రాసుకోండి."

అలాగే రాశారు. నేను నోరున్నదాన్ని, పదిమందిలో నిలబడి ఎవరితోనైనా వాదించగలను. ఆ మనిషికి దండం పెట్టి నిలబడ్డానే గానీ ఒక్క మాట రాలేదు. ఎన్ని జన్మలెత్తినా తీరని రుణం అంటారే, అది నోటితో చెప్పేది కాదని ఆ రోజు తెలిసింది.

మాట్లాడింది దానియేలు. ఆఫీసు బయట మెట్ల దగ్గర దావూద్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా అమ్మా నాయనా పోయిందగ్గర్నించీ మాకెనకాల ఎవురూ లేరనే బతికా మామా," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీరున్నారని నాకు తెలవదు."