తొట్టిలో ఇసుక

కొడుకు పోయాక బిక్షం మంచానికి అంటుకుపోయాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. తాను మెడికల్ అన్‌ఫిట్ అయి కొడుక్కి ఇప్పించిన నౌకరీ అది. ఆ నౌకరీలోనే ఉపేందర్ మీద బొగ్గుగనిలో కప్పు కూలింది. ఆ తండ్రికి అన్నం ఎట్లా దిగుతుంది? లింగవ్వకు మాత్రం కడుపుకోత లేదా? ఉంది. కానీ కొడుకు పోయి, మొగుడు కళ్ళముందే ఎండిపోతుంటే ఏడవడానికి తీరిక ఏది? పైగా ఇన్నేళ్ళూ మొగుణ్ణి ‘ఉపేందర్ నాయిన’ అనే పిలిచింది. ఇప్పుడేమని పిలవాలో ఆమెకు తెలియలేదు.

ఎండలు మొదలయ్యే వేళ పక్కింటివాళ్ళు గోడ కట్టడానికి గోదారి ఇసుక పోయించారు. ట్రాక్టరు ఎత్తి పోస్తుంటే ఇసుకలోంచి తెల్లగా గుడ్లు దొర్లాయి. తాబేలు గుడ్లు. సగం పగిలాయి, కుక్కలు మూగాయి. ఏ బుద్ధి పుట్టి బయటికొచ్చాడో గానీ బిక్షం చూశాడు. లుంగీ ఎగ్గట్టి, కుక్కలను అదిలించి, మిగిలినవాటిని తువ్వాలలో ఏరుకొచ్చాడు. తొట్టి ఏడుందే అని అడిగాడు. ఎన్ని నెలలకు నోరు తెరిచాడో! లింగవ్వ బియ్యం పోసుకునే ప్లాస్టిక్ తొట్టి ఖాళీ చేసి ఇచ్చింది. అడిగితే ఇల్లే ఖాళీ చేసేది. బిక్షం అందులో ఆ ఇసుకే పోసి గుడ్లను పూడ్చాడు.

ఎదురింటి రమ బడిలో సైన్సు టీచరు. ఫారెస్టు వాళ్ళకు అప్పజెప్పడమే న్యాయమంది. లింగవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయిన మల్ల మంచమెక్కుతడు బిడ్డా."

రమ మెత్తబడింది. జాగ్రత్తలు చెప్పింది. గుడ్లను తిప్పొద్దు. తేమ తగ్గితే గుడ్డు సొట్టపోతుంది, ఎక్కువైతే లోపలే కుళ్ళుతుంది. ఇసుక పిడికిట పడితే ముద్ద కావాలి గానీ నీరు కారకూడదు. పైన మాత్రం గుల్లగా ఉంచాలి. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు కూడా తెచ్చిచ్చింది.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే అనుకున్నాడు బిక్షం. గనిలో అతను బతుకంతా చేసింది స్టోయింగ్ పని. బొగ్గు తీసిన ఖాళీలోకి నీళ్ళతో కలిపి ఇసుక పంపాలి, నీరు దిగిపోయాక అది రాయిలా కూర్చోవాలి. అప్పుడే పైకప్పు నిలుస్తుంది. అట్లాంటివాడికి ఇసుక సంగతి ఇంకొకరు చెప్పాలా? రమ మాటల్లో నీళ్ళ ముచ్చట విన్నాడు, గుల్ల ముచ్చట చెవిన పెట్టలేదు.

ఎండలు ముదిరాయి. పిండిన చీర పిండినచోటే ఎండిపోయే ఎండ. మీటరు ముల్లు కిందికి పడిపోయేది. బిక్షం తొట్టి అడుగున బొక్కలు పెట్టి, పైన తడి గోనె కప్పి, ముల్లు లేచేదాకా నీళ్ళు చల్లేవాడు. నీరు దిగాక చెంబు అడుగుతో ఇసుకను నెమ్మదిగా తట్టి అణిచేవాడు. ఎందుకట్లా తడతావని లింగవ్వ అడిగింది.

"గట్టిగ కూసోవాలె. లేకుంటే పిల్లల మీద కూలుతది."

లింగవ్వ అడ్డం చెప్పలేదు. చెప్పి మనిషిని మళ్ళీ మంచం పాలు చేసుకోమంటారా? ఆ గుడ్ల పుణ్యాన రెండు పూటలా తింటున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. ఆమెకు అంతకన్నా ఏం కావాలి?

ఒక మధ్యాహ్నం తొట్టిలో గీరిన చప్పుడైంది. బిక్షం చెవి ఆనించి కూర్చున్నాడు. వస్తున్నరే అని మురిసిపోయాడు. తవ్వి చూద్దామంటే చెయ్యి అడ్డం పెట్టాడు. వాటంతట అవే పైకి రావాలట, మనం వేలు పెట్టకూడదట. ఆ పూట కూర మారు వడ్డించుకున్నాడు. మర్నాడు చప్పుడు ఎక్కువైంది. ఆ పైన తగ్గుతూ వచ్చింది. అలిసి పండుకున్నాయన్నాడు. సాయంత్రానికి అసలే లేదు.

లింగవ్వ ఇక ఆగలేదు. చెయ్యి పెడితే వేలు దిగలేదు. ఒండ్రు కలిసిన ఇసుక తడిసీ ఎండీ, తట్టి తట్టి గచ్చులా పట్టేసింది. గరిటె కాడతో పొడిస్తే పెళ్ళ లేచింది. కింద పిల్లలున్నాయి. గుడ్లు చీల్చుకుని వచ్చినవే అన్నీ. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలలు పైకెత్తి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. పెళ్ళ అడుగంతా సన్నని గోళ్ళ గీతలు.

బిక్షం పెళ్ళను చేతిలోకి తీసుకుని ఆ గీతల మీద వేలు పెట్టి రాశాడు.

"గీరుతుంటే ఇనుకుంట కూసున్ననే. నవ్వుకుంట ఇన్న."

తల ఎత్తకుండానే అడిగాడు. "పోరడు సుత గిట్లనే గీరిండా, లింగీ?"

కప్పు పడగానే ప్రాణం పోయిందని, నొప్పి కూడా తెలిసి ఉండదని ఆనాడు శవాన్ని తెచ్చినవాళ్ళంతా చెప్పారు. లింగవ్వ నమ్మింది. నమ్మకపోతే బతకలేదు గనక నమ్మింది. ఇప్పుడు ఆ మాటే మొగుడికి చెప్పాలి. చెబితే నిలబడతాడు. నోరు తెరిచింది. కళ్ళముందు ఆ గీతలుంటే మాట పెగల్లేదు.

బిక్షం తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత పెళ్ళను పిల్లల పక్కన పెట్టి, లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ నోరు విప్పలేదు.